సీట్ల రంగు ఊడితే ‘ఓనర్ రిస్క్’ చీటీ చెల్లుతుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి. బండల పాలిష్ యూనిట్ నడుపుతున్నాను. ఆరేళ్ల కిందట లెదర్ సీట్ల కారు కొన్నాం. ఆర్‌సీ యూనిట్ పేరు మీద ఉంది కానీ వాడేది ఇంట్లో వాళ్లమే. పోయిన నెల అనంతపురంలో ఒక కార్ వాష్ షాపులో సీట్ల క్లీనింగ్, కండిషనింగ్ చేయించి 3,500 రూపాయలు ఫోన్‌పే చేశాను. బిల్లు ఇవ్వలేదు, జాబ్ కార్డు చీటీ ఒకటి ఇచ్చారు. మూడు రోజులకే సీట్లు బంకబంకగా అయి, మా ఆవిడ కట్టుకున్న తెల్ల చీరకు రంగు అంటింది. డ్రైవర్ సీటు అంచుల్లో పగుళ్లు లేచాయి. ఫోటోలు పంపితే షాపతను ‘పిల్లోడు కొత్తోడు సార్, టైర్లకు, మ్యాట్లకు కొట్టేదే సీట్లకూ కొట్టినాడు’ అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. తీరా షాపుకు పోతే ‘పాత సీట్లు సార్, ఎండకు పోయిండాయి, మేమేం చేసినాం’ అని మాట మార్చాడు. చీటీ కింద ‘వాహనం ఓనర్ రిస్క్ మీద’ అని అచ్చేసి ఉన్నది చూపించాడు. కావాలంటే ఫ్రీగా ఇంకోసారి పాలిష్ కొట్టిస్తానంటున్నాడు. సీట్ల తొడుగులు మార్చాలంటే షోరూంలో 62,000 చెప్పారు. కేసు వేస్తే నిలబడుతుందా?

జవాబు: నిలబడుతుంది. అయితే ముందు ఆ ఫ్రీ పాలిష్‌కు ఒప్పుకోకండి. ఈరోజు మీ కేసులో అన్నిటికంటే పెద్ద సాక్షి ఆ సీటే. దాని మీద ఇంకో పూత పడిందంటే బంక పోతుంది, మెరుపు వస్తుంది, నాలుగు వారాలకు మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు మొదటి క్లీనింగ్ వల్ల ఏం పోయిందో ఎవరూ చెప్పలేరు. నా దగ్గరికి ఇలాగే ఒకాయన వచ్చారు, షాపువాళ్లు రెండోసారి రంగు వేసిచ్చిన తర్వాత. అంతకుముందు తీసిన ఫోటో ఒక్కటీ లేదు. ఆయన కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించగలిగాను కానీ, సీట్ల నష్టం మాత్రం ఆయన నెత్తినే పడింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక చట్టం సంగతి. మీరు తాళం చెవి వాళ్ల చేతిలో పెట్టి, పని కాగానే బండి తిరిగి ఇవ్వాలన్న మాట మీద వదిలి వచ్చారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 148లో దీన్నే బెయిల్‌మెంట్ అంటుంది. ధర్మవరం పట్టుచీర డ్రైవాష్‌కు ఇచ్చినా, గొలుసు మెరుగుకు ఇచ్చినా ఇదే లెక్క. వస్తువు మనదే, కొంతసేపు వాళ్ల చేతిలో ఉంటుంది, అంతే. ఆ సేపట్లో తెలివైన మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని సెక్షన్ 151 చెబుతుంది. ఈ ‘జాగ్రత్త’ అనే మాటకు మీ సీట్ల విషయంలో చాలా స్పష్టమైన అర్థం ఉంది. కాసేపట్లో దానికి వస్తాను.

‘ఓనర్ రిస్క్’ అన్న అచ్చు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. మీరు ఆగకండి. ఢిల్లీలో ఒకాయన 1998లో హోటల్ సిబ్బందికి కారు తాళాలు ఇస్తే కారు దొంగల పాలైంది. పార్కింగ్ చీటీ మీద ఓనర్ రిస్క్ అని రాశాం కదా అని హోటల్ వాదించింది. తాజ్ మహల్ హోటల్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బండి ఒకసారి తమ చేతికి వచ్చాక, తమ వైపు నుంచి జాగ్రత్త తీసుకున్నామని హోటల్ ముందు చూపించాలి, అది చూపించకుండా చీటీ చాటున దాక్కోవడం కుదరదని చెప్పింది. మీది దొంగతనం కాదు, పాడుచేయడం. కానీ సూత్రం ఒకటే. మీ నోటీసులో ఈ తీర్పు తప్పకుండా రాయించండి.

ఇక్కడ కొందరు ఒక పొరపాటు చేస్తుంటారు. ఆ షరతు అన్యాయమైన కాంట్రాక్టు అని ఫిర్యాదులో పెద్ద పేరా రాస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ పేరుతో వేసే ఫిర్యాదు రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు పోవాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. మీరు జిల్లాలోనే వేస్తారు కాబట్టి ‘సేవా లోపం’ అనే మాట పట్టుకోండి. దాంతోపాటు బిల్లు ఇవ్వకపోవడాన్ని కలపండి. చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం అదే చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి.

సేవా లోపం జరిగిందని చూపించాల్సిన భారం మొదట ఫిర్యాదుదారుడిదే. సుప్రీంకోర్టు 2021లో కూడా ఆ మాట చెప్పింది. మంచిగా ఇచ్చాను, చెడిపోయి వచ్చింది అని మీరు చూపిస్తేనే, ఎందుకు చెడిపోయిందో చెప్పాల్సిన బాధ్యత అటు వైపు మళ్లుతుంది. అతను చెప్పబోయేది ముందే చెప్పేశాడు: ఎండ. అనంతపురం ఎండ అబద్ధం కాదు. ఏప్రిల్, మే నెలల్లో నీడ లేని చోట బండి పెడితే లోపల చేయి పెట్టలేం. ఎండకు లెదర్ ఎండి పగులుతుందన్నదీ నిజమే. ఆ వాదనను తేలిగ్గా తీసుకోవద్దు. దానికి జవాబు మీ సీట్లలోనే ఉంది.

ఒక పగటిపూట బండిని నీడలో పెట్టి, ఇంకొకరి చేత వీడియో తీయిస్తూ ఇవి చేయండి. కొత్త తెల్ల చేతి రుమాలు కొద్దిగా తడిపి, పిండి, డ్రైవర్ సీటు మీద నాలుగైదు సార్లు రుద్దండి. రుమాలు ఇంకో మడత తీసి వెనక సీటు మధ్యలో, ఎవరూ పెద్దగా కూర్చోని చోట రుద్దండి. మూడో మడతతో హెడ్‌రెస్ట్ పైకి లాగి దాని కింద, వాళ్ల బ్రష్ పోని చోట రుద్దండి. వాడకం వల్ల, ఎండ వల్ల పోయిన రంగైతే డ్రైవర్ సీటుకు ఎక్కువ, వెనక మధ్య సీటుకు తక్కువ ఉండాలి. రెండు చోట్లా ఒకేలా రంగు వచ్చి, హెడ్‌రెస్ట్ కింద మాత్రం రుమాలు తెల్లగానే ఉందనుకోండి, అది ఎండ పని కాదు, బ్రష్ పోయినంత మేర జరిగిన పని. తర్వాత అదే చోట్లలో ఒక్కో నీటిచుక్క వేసి చూడండి. కార్లలో వచ్చే లెదర్‌కు సాధారణంగా పైన రంగు, ఆ పైన పలచని రక్షణ పూత ఉంటాయి. పూత బాగున్న చోట చుక్క ముత్యంలా నిలుస్తుంది. పూత పోయిన చోట లోపలికి ఇంకి, నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ రుమాలును ఉతకకుండా కవర్‌లో పెట్టి, తేదీ రాయండి. రంగు అంటిన ఆ తెల్ల చీరను కూడా ఉతకొద్దని మీ శ్రీమతికి చెప్పండి.

ఇప్పుడు ఆ ‘జాగ్రత్త’ దగ్గరికి వద్దాం. లెదర్ స్వభావం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది. టైర్లు, మ్యాట్లు, ఇంజిన్ మురికి వదిలించే ద్రావణాల్లో చాలావరకు ఘాటైన క్షారాలు. నీళ్లు సరిగా కలపకుండా సీట్ల మీద కొట్టి బ్రష్ పెడితే పైపూత మెత్తబడి బంకగా అవుతుంది, రంగు లేస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి కండిషనర్ పూసినా పోయిన పూత తిరిగి రాదు. ఈ పని బాగా తెలిసినవాళ్లు దుమ్ము లాగేసి, లెదర్ కోసమే చేసిన తేలికపాటి క్లీనర్‌ను గుడ్డ మీదో మెత్తటి బ్రష్ మీదో వేసుకుని, కొంచెం కొంచెంగా తుడుస్తూ పోతారు. నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాతే కండిషనర్ పలచగా రాస్తారు. అన్నిటికంటే ముందు సీటు కింద కనపడని మూలలో కొద్దిగా రాసి, గుడ్డకు రంగు వస్తోందా అని చూస్తారు. రెండు నిమిషాల పని. సెక్షన్ 151 అడిగే జాగ్రత్త మీ కేసులో ఈ రెండు నిమిషాలే. ఆ మూల చూశారా, ఏ సీసాలో మందు వాడారు, ఎంత నీళ్లు కలిపారు అని నోటీసులో సూటిగా అడగండి. మీ బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీయండి. సీట్ల శుభ్రత గురించి ఒక పేజీ ఉంటుంది. థిన్నర్, పెట్రోలు, ఘాటు క్లీనర్లు వాడొద్దన్న హెచ్చరిక చాలా మాన్యువల్స్‌లో ఉంటుంది. ఆ పేజీ జిరాక్సు జత చేయండి.

ఇంకో సంగతి చూసుకోండి. లెదర్ సీట్లని మనం అనుకునేవాటిలో చాలా మటుకు అసలు తోలు కాదు, ఆర్టిఫిషియల్ లెదర్. బండి కొన్నప్పటి బ్రోచర్‌లో ఏముందో చూసి, ఉన్నదే రాయండి. ఆర్టిఫిషియల్ అయినా మీ కేసు బలహీనపడదు. కానీ మీరు ‘లెదర్’ అని రాసి, అవతలి లాయర్ బ్రోచర్ చూపించి కాదంటే, మీరు చెప్పే మిగతా నిజాల మీద కూడా అనుమానం పడుతుంది.

ఆ వాయిస్ మెసేజ్ చాలా విలువైనది. దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి, మీ దగ్గరున్నది తీసేయకండి. కేసు అయ్యేవరకు ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్లు సివిల్ కోర్టులంత పట్టుబట్టవు. అయినా నేనైతే పెట్టకుండా ఉండను. షాపతను మాట మార్చాడని మీరే రాశారు, రేపు గొంతు నాది కాదనవచ్చు. వాయిస్‌లోని మాటలు ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి కూడా ఇవ్వండి. అతని యాసను దిద్దకండి.

కారు యూనిట్ పేరు మీద ఉందని కంగారు పడొద్దు. వ్యాపార అవసరానికి తీసుకున్న సేవ అయితే వినియోగదారుడు కాదన్నది నిజమే. కానీ చూసేది పేరు కాదు, ముఖ్యంగా దేనికి వాడుతున్నారన్నది. ఒక కంపెనీ తన డైరెక్టర్ వాడకానికి కొన్న కారు వ్యాపార ప్రయోజనం కిందికి రాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. యూనిట్ మీ ఒక్కరిదే అయితే యజమానిగా మీరే ఫిర్యాదు వేయవచ్చు. భాగస్వాములుంటే సంస్థను కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి. కారు ఖర్చులు యూనిట్ లెక్కల్లో చూపించి ఉంటే అవతలివాళ్లు తప్పకుండా ఆ సంగతి ఎత్తుతారు. మీ లాయర్ దగ్గర అది దాచకండి.

ఫిర్యాదు అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. ఇదే పని మీరు బెంగళూరులో చేయించి ఉన్నా మీరు నివాసం ఉండే జిల్లాలోనే వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది. మన వైపు నుంచి కార్ల పనులకు బెంగళూరు పోయేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. కమిషన్ ఫీజు మీరు కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. 5 లక్షల లోపు అయితే ఫీజే లేదు. గడువు రెండేళ్లు. షాపతను కమిషన్ నోటీసు అందిన 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా అంతకంటే ఎక్కువే పడుతుందనుకోండి.

ఎంత అడగాలి? కట్టిన 3,500, సీట్ల మరమ్మతు ఖర్చు, మనోవేదనకు ఒక న్యాయమైన మొత్తం, కేసు ఖర్చులు. ఐదు లక్షలు, పది లక్షలు అని రాయకండి. ఆరేళ్ల సీట్లకు కొత్త తొడుగుల ఖరీదు మొత్తం ఇవ్వాలా అని కమిషన్ ఆలోచిస్తుంది, కొంత తగ్గించవచ్చు. షోరూం అంచనా లెటర్‌హెడ్ మీద, సంతకంతో తీసుకోండి. సీటు పక్క ఎయిర్‌బ్యాగులున్న బండైతే ఆ మాట అంచనాలో రాయించండి. ఆ ఎయిర్‌బ్యాగు సీటు కుట్టు చీల్చుకుని బయటికి రావాలి కాబట్టి బయట మామూలు తొడుగు వేయించడం ప్రమాదం. ఖర్చు ఎందుకు ఎక్కువో కూడా దాంతో కమిషన్‌కు తెలుస్తుంది. సీట్లు కుట్టే అనుభవజ్ఞుడు ఎవరైనా చూసి, ఇది ఘాటు మందు వల్ల అయిందని అఫిడవిట్ ఇస్తే మరీ మంచిది.

అయినా నన్ను అడిగితే, కేసుకు ముందు ఒక మెట్టు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు ఇస్తే, కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా ఇద్దరినీ కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ అంత విలువ ఉంది, అప్పీలు ఉండదు. చిన్న షాపు, వాయిస్‌లో తప్పు ఒప్పుకున్న మనిషి. పని నేర్పకుండా కుర్రాడి చేతికి సీసా ఇచ్చిన తప్పు ఆ యజమానిదే. రాజీలో పడాల్సిన భారం కూడా ఆ కుర్రాడి జీతం మీద కాదు, యజమాని మీదే. సగమో ముప్పాతికో అక్కడే వస్తే ఏడాది తిరగడం కంటే మేలని నా అభిప్రాయం. కుదరకపోతే కమిషన్ ఎటూ ఉంది.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా షాపతనికి నోటీసు పంపించండి, 15 రోజుల గడువు ఇవ్వండి. అది తేలేవరకు సీట్ల మీద పాత కాటన్ దుప్పటి పరిచి కూర్చోండి. క్రీములు, నూనెలు, కొబ్బరినూనె సహా, ఏవీ రాయకండి.