మిడ్ నాబ్ సున్నాలో పెట్టిన మా అమ్మాయికి

అమ్మాయ్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. డిసెంబర్ 31 రాత్రి మైపాడు బీచ్‌లో మీ కాలేజీ పిలకాయలంతా కలిసి ప్రోగ్రాం ఇస్తా ఉండారంట, అందులో నువ్వు బేస్ గిటార్ వాయిస్తా ఉండావంట, అది కూడా మీ నాయన అటక మీద పడేసిన పాత బేస్‌తోనే అంట. ఒక పక్క ఛాతీ ఉప్పొంగింది, ఇంకో పక్క తెల్లార్లూ నిద్ర పట్టలా. మన ఇంట్లో ఆడపిల్ల బేస్ తగిలించుకుని స్టేజీ ఎక్కుద్దని ఎవురనుకున్నారు. ఆ మాట నువ్వే ఫోన్ చేసి చెప్పుంటే ఇంకా బాగుండేది, దానికి కలిసినప్పుడు వేరే తిడతాలే.

మీ ప్రాక్టీస్ వీడియో కూడా మీ అమ్మే పంపింది. ఫోన్‌లో పెట్టి విన్నా. డ్రమ్స్ వినపడతా ఉండాయి, గిటార్ వినపడతా ఉంది, ఆ కీబోర్డ్ పిలగాడి సంగతి ఇంక చెప్పబళ్ళా, అంతా వాడే. నువ్వు కనపడతా ఉండావు, వినపళ్ళా. మీ అన్న హెడ్‌ఫోన్ లాక్కుని మళ్ళీ పెట్టుకున్నా, అప్పుడు కింద గుడగుడమని ఒకటి పోతా ఉంది గానీ అది ఏ స్వరమో దేవుడికే తెలియాల. అనుమానం వచ్చి వీడియో ఆపి ఆంప్లిఫయర్ మీద నాబ్‌లు పెద్దవి చేసి చూశా. అనుకున్నంతా అయ్యింది. కింది స్వరాల బేస్ నాబ్ ముప్పావుకి తిప్పావు, పై స్వరాల ట్రెబుల్ ముప్పావుకి తిప్పావు, నడిమి స్వరాల మిడ్ తీసుకుపోయి సున్నాలో పెట్టావు. మీ నాయన అచ్చం ఇట్టాగే పెట్టేవాడు. చూడంగానే నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది.

తీగలు కొత్తవి వేసుకో, ట్యూనర్ మర్చిపోవద్దు, కేబుల్ ఇంకోటి సంచిలో ఉంచుకో. ఇవి నీకు తెలిసినవే, వదిలేస్తా.

మిడ్ సంగతి మాత్రం వదలను. నీ బేస్ మీద లావు తీగ ఊరికే మీటితే సెకనుకి 41 సార్లు వణుకుద్ది, అదే 41 హెర్ట్జ్, సన్న తీగ 98. ఫోన్ స్పీకర్‌కి అంత కింద సౌండ్ పలికే యోగ్యతే లేదు. అయినా మంచి బేస్ ఫోన్‌లో కూడా తెలుస్తది, ఎట్టా అంటే ఆ 41 పైన 82, 123, 164 అని మెట్లు మెట్లుగా ఇంకా పైదాకా దాని గొంతులు ఉంటాయి, చెవి ఆ పై మెట్లు విని కింద మెట్టు తనే కట్టుకుంటది. మేము కుర్రోళ్ళుగా ఉన్నప్పుడు బస్టాండు ఎదురుగా టీ అంగడిలో చిన్న టేప్ రికార్డర్ ఉండేది, అరచేయంత స్పీకరు. అందులో ఇళయరాజా పాటలు వస్తా ఉంటే నేనూ మీ నాయనా టీ చల్లారిపోయేదాకా పట్టుకుని బేస్ లైను వినేవాళ్ళం, పాట పక్కన ఇంకో పాట నడుస్తా ఉన్నట్టే ఉండేది. మీ నాయన బేస్ నేర్చుకున్నదే ఆ పిచ్చితో. ఆ స్పీకర్‌లో 41 యాడుంది, మేము విన్నదంతా మిడ్డే కదా. నువ్వు అది కోసి పారేస్తే ఇంక మిగిలేది వణుకు ఒక్కటే.

మరి గదిలో వాయించుకున్నప్పుడు మిడ్ తీసేస్తే ఎందుకు అంత బాగుంటదంటావా. సౌండ్ సన్నగా పెట్టుకున్నప్పుడు చెవికి కింది స్వరాలు సరిగ్గా ఆనవు. 1933లోనే అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు కొలిచి గీతలు గీసి మరీ చూపించారు ఈ సంగతి. అందుకని గదిలో కింద తక్కువగా ఉన్నట్టుంటది, నువ్వు లేపుతావు. అదే సెట్టింగ్ తీసుకుపోయి స్టేజీ మీద గట్టిగా పెడితే చెవి కింది స్వరాలు కూడా బాగానే వింటది, నువ్వు లేపింది అంతా వరదై పడుద్ది. గదిలో ఒంటిగా పెట్టుకున్న సెట్టింగ్ స్టేజీకి పనికిరాదు, రాసిపెట్టుకో.

ఇప్పుడు మీ నాయన సంగతి చెప్తా. ఆయన నోరు తెరిచి చెప్పడు కాబట్టి నేనే చెప్పాల.

కావలిలో ఒక పెళ్ళి రిసెప్షన్. మిక్సర్ మీద నేను, బేస్ మీ నాయన. మండపం కొత్తది, కింద మొత్తం చీమకుర్తి నల్ల గ్రానైట్ పరిచారు, గోడలకి టైల్స్, పైన కాంక్రీటు, సౌండ్ పీల్చడానికి గుడ్డ ముక్క లేదు. దానికి ముందు మీ నాయన మూలాపేట ఇంట్లో మేడ మీద గదిలో కూర్చుని, పక్కింటోళ్ళు తిట్టకుండా చిన్నగా పెట్టుకుని, గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో రెండు చివర్లూ పైకి లేపి నడిమివన్నీ కిందికి లాగేసి, అన్నా ఇటురా ఎంత కమ్మగా ఉందో విను అని నన్ను పిలిచి వినిపించాడు. నిజంగానే కమ్మగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాల, ఒంటిగా వింటే ఆ సెట్టింగ్ ఎవురికైనా కమ్మగానే ఉంటది. ఈక్వలైజర్ అట్టాగే ఎత్తుకొచ్చి కావలిలో పెట్టాడు. మొదటి పాట మొదలైంది, ప్యాడ్స్, డోలక్, కీబోర్డ్ అన్నీ పడ్డాయి, మీ నాయన మాయం. వేళ్ళు ఆడతా ఉండాయి, స్వరం లేదు, హాలంతా గుడగుడ. పెళ్ళికూతురు మేనమామ అనుకుంటా ఒకాయన నా దగ్గరికొచ్చి, జనరేటర్ లోపల పెట్టారా ఏంది అన్నాడు. స్టేజీ మీద నించి మీ నాయనేమో బొటనవేలు పైకి ఊపుతా ఉండాడు, పెంచు పెంచు అని. నేను పెంచడం మానేసి చెయ్యి అడ్డంగా ఊపా. ఆయనకి కోపం వచ్చింది. వెనక్కి తిరిగి ఆంప్ మీద బేస్ నాబ్ ఆఖరుదాకా తిప్పేశాడు. ఆ ఆంప్‌లో నించే లైను బిన్నులకి, అంటే హాలుకి పెట్టిన పెద్ద స్పీకర్ పెట్టెలకి, పోతా ఉంది.

ఇక్కడ లెక్క ఒకటి చెప్తా విను. ఏ స్వరాల చోటైనా సౌండ్ 3 డెసిబెల్, అదే 3 డీబీ, లేపితే ఆ చోట ఆంప్ రెండింతలు పవర్ ఇవ్వాల. 12 డీబీ లేపితే 16 ఇంతలు. అదీ 40, 60 హెర్ట్జ్ దగ్గర, ఎక్కువ పవర్ తిని తక్కువ వినిపించే చోట. ఆంప్ దగ్గర అంత లేదు, మోయలేనప్పుడు వెలిగే క్లిప్ లైటు ఎర్రగా వెలిగింది, ఆరకుండా అట్టాగే ఉండిపోయింది. ఇంకో పాట అయ్యేలోపు వార్నిష్ కాలిన వాసన. నేను మిక్సర్ వదిలేసి పరుగెత్తి బిన్ను ముందు జాలీ ఊడదీసి, 18 అంగుళాల కోన్‌ని రెండు చేతుల వేళ్ళతో చుట్టూ సమంగా పట్టి మెల్లగా లోపలికి నొక్కా, గరగర అంది. కాయిల్ కాలి ఉబ్బి మాగ్నెట్‌కి రాసుకుంటా ఉంది. ఆ బిన్నులు మావి కావు, బాడుగకి తెచ్చినవి. ఆ కోన్ మోసుకుని రిపేరుకి మద్రాసులో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి పోయింది మేమిద్దరమే, రైల్లో ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట లేదు. ఆ సీజన్‌లో వచ్చిన డబ్బులు దానికే పోయాయి. మీ నాన్నమ్మకి మాత్రం పెళ్ళోళ్ళు డబ్బులు ఎగ్గొట్టారని చెప్పాడు, ఆమె పోయేదాకా కావలి వాళ్ళని తిడతానే ఉంది పాపం.

తర్వాత ప్రోగ్రాంకి నేనే ఆ ఈక్వలైజర్ మొత్తం ఫ్లాట్‌కి తెచ్చి, 250 హెర్ట్జ్ దగ్గర రవ్వంత కోసి, 700 దగ్గర 3 డీబీ లేపి, వాయించు అన్నా. అందరితో కలిసి వాయించాడు. వెనక కుర్చీల దాకా ఒక్కో స్వరం విడివిడిగా వినపడింది. నేను సంబరపడతా ఉంటే మీ నాయన దిగొచ్చి దిగాలుగా, అన్నా నా వేళ్ళు ఇంత తప్పుగా పడతా ఉండాయా అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు ఆ మిడ్ అంత కసిగా ఎందుకు కోసేవాడో. మిడ్ ఉంటే తప్పు వినపడుద్ది, తీగ బర్రుమన్నా, స్వరం ఆలస్యంగా పడినా బయటపడిపోద్ది. కింద గుడగుడలో అన్నీ దాక్కుంటాయి. నువ్వూ అందుకే తగ్గించావేమో, నాకు తెలియదు, నీకు తెలుసు. తప్పులు వినపడితే వినపడనీ, ఏం కొంప మునగదు. ఆ తర్వాత మీ నాయన ఎంత బాగా వాయించాడో నెల్లూరు ఆర్కెస్ట్రా వాళ్ళలో పాతోళ్ళని ఎవుర్నైనా అడుగు.

ఇంక సెట్టింగ్ ఎట్టా వెతకాలో చెప్తా. అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టు. ఒంటిగా వాయించుకుంటా వెతకబాక, డ్రమ్స్, కీబోర్డ్ వాయిస్తా ఉండగానే చెయ్యి. నీ ఆంప్‌లో మిడ్‌కి రెండు నాబ్‌లు ఉండాయి, ఒకటి ఎంత లేపాలో, ఇంకోటి ఏ చోట లేపాలో. లేపేది బాగా లేపేసి, చోటు నాబ్ 200 నించి 1000 దాకా నిదానంగా తిప్పుకుంటా పో. 200, 300 దగ్గర లావుగా వస్తది, ఒళ్ళు వస్తది, జాస్తి అయితే బురద. 400, 500 దగ్గర అట్టపెట్టె కొట్టినట్టుంటే దాన్ని లేపబాక, కొంచెం కొయ్యి. 600 నించి 800 మధ్యలో యాడో ఒక చోట బేస్ నోరు తెరిచి మాట్లాడుద్ది, అక్కడ ఆగు, లేపింది 3 డీబీకో 4 డీబీకో తగ్గించుకో. ఒంటిగా వింటే అది ముక్కుతో పలికినట్టు వికారంగానే ఉంటది, భయపడబాక. బస్టాండులో కండక్టర్ ముక్కుతో నెల్లూరు నెల్లూరు అని అరుస్తాడే, అంత రొదలో అది ఆ చివర దాకా వినపడుద్ది కదా, పక్కన నిలబడి వింటే ఎవురికి ఇంపుగా ఉంటది. 2000 దాటితే వేళ్ళ చప్పుడు, తీగ ఫ్రెట్‌కి కొట్టుకునే చప్పుడు, అది నీకు అక్కర్లా.

ఆ కీబోర్డ్ పిలగాడికి ఎడం చెయ్యి కట్టేయమని చెప్పు. ఎడం చేత్తో వాడు కూడా బేస్ వాయిస్తా నీ చోటంతా తొక్కేస్తా ఉండాడు, ముందు వాణ్ణి పక్కకి జరిపితే నీకు నాబ్ తిప్పే పని సగం తగ్గుద్ది.

ఇంకోటి, మీ నాయన బేస్ సంగతి. దాని మీద మూడు నాబ్‌లు ఉండాయి, రెండు వాల్యూమ్, ఒకటి టోన్. రెండు వాల్యూమ్‌లూ ఫుల్లుగా తెరిస్తే తీగల వణుకు పట్టే రెండు పికప్‌లూ కలిసి మిడ్‌లో కొంత ఒకదాన్నొకటి తినేస్తాయి, జాజ్ బేస్ మోడల్ అన్నిట్లో అంతే, ఫెండర్ వాళ్ళు 1960లో తెచ్చినప్పటి నించీ. అందుకని మెడ వైపు పికప్ వాల్యూమ్ రవ్వంత తగ్గించు, వెంటనే గొంతు ముందుకొస్తది. కాకపోతే రెండూ సమానంగా లేకపోతే సన్నగా హమ్ వస్తది, ఎంత తగ్గిస్తే హమ్ రాదో చూసుకో. వేళ్ళు కూడా బ్రిడ్జి వైపుకి జరిపి మీటి చూడు. ఆంప్ దాకా పోకుండానే సగం మిడ్ చేతిలోనే దొరుకుద్ది. మెడ వైపు నాబ్ వదులుగా ఉంటే లోపల చిన్న స్క్రూ ఉంటది, బిగించు. అది అప్పుడు కూడా వదులే.

మైపాడులో గోడల్లేవు, పైకప్పు లేదు, కింది సౌండ్ అంతా సముద్రం మీదకి పోద్ది. చాల్లేదని బేస్ నాబ్ పట్టుకునేవు సుమా, కావలి గుర్తు పెట్టుకో. నీకు నువ్వు వినపడకపోతే ముందు మిడ్, ఆ తర్వాత స్టేజీ మీద మీకు వినపడే మానిటర్ స్పీకర్లు చూసేవాడికి ఒక మాట, అంతే. బిన్నులు ఎవురివో పాపం.

ఇందాకటి నించి చేతికి అడ్డం పడతా ఉన్న మాట ఇప్పుడు చెప్తా, మిడ్ కన్నా ఇదే ముఖ్యం. తడి ఇసుక, ఉప్పు గాలి, జనరేటర్ కరెంటు. నీ చేతిలో తీగలు ఆంప్ ఎర్త్‌కి కలిసుంటాయి, మూతి దగ్గర మైకు మిక్సర్ ఎర్త్‌కి కలిసుంటది. ఆ రెండూ వేరే వేరే లైన్ల మీద ఉండి, ఒకదానికి ఎర్త్ సరిగ్గా లేకపోతే కరెంటు నీ పెదవుల్లో నించి పోద్ది. జోకు కాదమ్మా, ప్రాణాలు పోయినోళ్ళు ఉండారు. రెండూ ఒకే బోర్డు నించి తీసుకోవాల, ప్లగ్గులో ఎర్త్ పిన్ను ఎవుడన్నా విరగ్గొట్టి ఉంటే ఆ ప్లగ్గు వాడొద్దు, హమ్ వస్తా ఉందని ఎర్త్ పీకే తెలివైనోడు ప్రతి స్టేజీ మీద ఒకడుంటాడు, వాణ్ణి దగ్గరికి రానీబాక. హమ్ పోవాలంటే బేస్‌ని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉంటది, అది నొక్కుకోవచ్చు, అది సిగ్నల్‌ది, కరెంటు ఎర్త్‌ది కాదు. కాళ్ళకి రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకో. చెప్పులు తీసేసి ఎక్కడం, స్టేజీకి దండం, అవన్నీ ప్రోగ్రాం అయినాక.

జనరేటర్ ఎవురిదో, స్టేజీ కాంట్రాక్టర్ ఎవురో నంబరు పంపించు, నేనే మాట్లాడతా. సాయంత్రం నాలుగుకల్లా నేను మైపాడులో ఉంటా, టెస్టరు, మీటరు నావే తెచ్చుకుంటా. నీ సౌండ్ చెక్ అంతకుముందు పెట్టించుకోబాక.

ఇట్లు
మీ పెదనాయన