తాత పోయి రెండు నెలలైంది, మామ్మ తినడం లేదు.. ఆయన మాట ఎత్తొచ్చా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా తాత 92 ఏళ్ల వయసులో, రెండు నెలల క్రితం నిద్రలోనే పోయారు. ‘ఒడిశా పుట్టింది 1936లో, నేను 1933లో. రాష్ట్రం కంటే పెద్దోణ్ని’ అని అందర్నీ నవ్వించేవారు. నౌపడా చిన్న రైలు బండిలా కూత వేసేవారు. మా ఐదేళ్ల బాబుతో అష్టాచెమ్మా ఆడుతూ, వాడు చూడకుండా తన కాయని ఒక గడి వెనక్కి జరిపి వాడిచేత చంపించుకునేవారు. ఇప్పుడు మామ్మ (86) సరిగ్గా తినడం లేదు, నిద్రపోవడం లేదు. ‘వీధి గదిలోంచి మీ తాత పిలిచాడు’ అంటోంది. ఆమెకి బీపీ, షుగర్ ఉన్నాయి. తెలిసినవాళ్లు నిద్రమాత్ర ఇమ్మంటున్నారు. మామ్మ బాధపడుతుందని తాత ఫొటో, కుర్చీ తీసేశాం, ఆయన మాట ఎత్తడం మానేశాం. బాబు మాత్రం తాత ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతున్నాడు. ఇది డిప్రెషనా?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ కుర్చీ తెచ్చి ఎక్కడిదక్కడ వేయండి. ఫొటో గోడకి తగిలించండి. మామ్మ మీద ప్రేమతోనే తీసేశారని తెలుసు. కానీ ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తకపోతే ఆమెకి ఏడవడానికి కూడా తోడు ఉండదు.

తాత పిలిచినట్టు వినబడుతోందని భయపడకండి. ఒక జీవితకాలం కలిసి బతికినవాళ్లలో ఒకరు పోతే, మిగిలినవారికి గొంతు వినబడటం, మనిషి కుర్చీలో ఉన్నట్టే అనిపించడం చాలామందిలో ఉండేదే. అది పిచ్చీ కాదు, గాలీ ధూళీ కాదు. ఈసారి అలా అన్నప్పుడు ‘ఏమని పిలిచాడు మామ్మా?’ అని పక్కన కూర్చుని అడగండి. అయితే పగలూ రాత్రీ తేడా తెలియకపోయినా, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టకపోయినా అది వేరే సంగతి. ఆ వయసులో ఒంట్లో సోడియం తగ్గినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అలా అవుతుంది. ఆలస్యం చేయకుండా పరీక్షలు చేయించాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈరోజే చూడాల్సింది షుగర్ మందు. మనిషి తిండి తగ్గించినా ఇంట్లోవాళ్లు మాత్రలు మాత్రం టైముకి వేస్తూనే ఉంటారు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ, ఇన్సులిన్ గానీ తీసుకుని అన్నం తినకపోతే షుగర్ 70 కంటే కిందకి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, సంబంధం లేని మాటలు మొదలవుతాయి. రాత్రి నిద్రలో అయితే పక్కవాళ్లకి తెలియదు కూడా. మందుల చీటీ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి మోతాదు మార్చాలేమో అడగండి, బీపీ కూడా చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. బరువు కూడా తూచండి. నెలలో 5 శాతం, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే ఊరుకోకూడదు. కంచం నిండా పెట్టి తినమని బతిమాలకండి. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి, ఒంటరిగా మాత్రం పెట్టొద్దు.

నిద్రమాత్ర వద్దు. తెలిసినవాళ్లు చెప్పింది అసలే వద్దు. ఆ మత్తులో అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి, కాలు తడబడి, తుంటి ఎముక విరిగిన ముసలివాళ్లని చాలామందిని చూశాను. కొందరు మళ్లీ మంచం దిగలేదు. మధ్యాహ్నం తర్వాత టీ మాన్పించండి, పగటి నిద్ర తగ్గించండి, రాత్రి ఆమె గదిలో ఎవరైనా పడుకోండి.

‘గుండె బరువుగా ఉంది’ అని ఆమె అంటే దిగులేలే అని వదిలేయకండి. తోడు పోయిన తొలి రోజుల్లో, వారాల్లో గుండెపోటు ముప్పు పెరుగుతుంది. దుఃఖం వల్ల గుండె కండరం కొన్నాళ్లపాటు బలహీనపడే జబ్బూ ఉంది. 1990లో జపాన్ డాక్టర్లు దీనికి టకోట్సుబో అని పేరు పెట్టారు. పెద్ద వయసు ఆడవాళ్లలోనే ఎక్కువ. పైకి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది, ఈసీజీ తీయకుండా ఏమీ చెప్పలేం.

ఇక డిప్రెషనా అంటారా? ఉత్తరం చూసి అలా తేల్చను. దుఃఖం వస్తూ పోతూ ఉంటుంది. మధ్యలో తాత అల్లరి గుర్తొచ్చి ఒక్క నవ్వు నవ్వినా నాకు ధైర్యంగా ఉంటుంది. రోజంతా ముడుచుకుని పడుకుని, దేనికీ పలక్కుండా, ‘నేనూ పోతే బాగుండు’ అని పదేపదే అంటుంటే మాత్రం సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆరు నెలలు దాటినా ఇదే తీవ్రతతో ఉంటే దానికి ప్రత్యేక చికిత్స ఉంది.

బాబుకి ‘తాత నిద్రపోయాడు’, ‘ఊరెళ్లాడు’ అని చెప్పొద్దు. నిజంగానే నిద్రలో పోయారు కాబట్టి వాడు పడుకోవడానికే భయపడొచ్చు. ‘తాత బాగా పెద్దవాడయ్యాడు, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, చనిపోయాడు, ఇక రాడు’ అని చెప్పండి. రేపు మళ్లీ అడుగుతాడు. మళ్లీ అదే చెప్పండి. ఐదేళ్లకి ‘ఇక రాడు’ అన్నది ఒక్కసారికి అర్థం కాదు.

తాత కూత వేసి చూపించిన ఆ నౌపడా చిన్న బండి నడిచిన, 1900లో వేసిన నేరో గేజ్ లైను బ్రాడ్ గేజ్ అయిపోయింది. చిన్న బండి కూత మీ బాబు విన్నది తాత నోటివెంటే. మీకు వస్తే వాడికి నేర్పండి. నెలనెలా మాసికం రోజున ఆయనకి ఇష్టమైనవి వండి అందరూ మామ్మ పక్కన కూర్చుని తినండి. సాయంత్రం అరుగు మీద అష్టాచెమ్మా గీసి మామ్మనీ, బాబునీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. తాత కాయని వెనక్కి ఎలా జరిపేవాడో వాడికి ఆమెనే చూపించమనండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

పదిహేను రోజుల తర్వాత మామ్మ బరువు, షుగర్ ఎంతున్నాయో రాయండి. ఆటలో ఎవరు గెలిచారో కూడా రాయండి.