కీచుమంటున్న పాత అంబాసిడర్

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్ పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమంటోంది, హెడ్‌లైట్లు వేస్తే ఇంకా ఎక్కువ. డైనమో మార్చాలంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తొందరపడకండి. లైట్లు వేస్తే డైనమో మీద లోడు పెరుగుతుంది, అరుపు కూడా అప్పుడే పెరుగుతోందంటే డైనమోను తిప్పే ఫ్యాన్ బెల్టు జారుతున్నట్టే. ఇంజన్ ఆపి, బెల్టు పొడుగ్గా ఉన్న వైపు మధ్యలో బొటనవేలితో నొక్కండి, అర అంగుళం కంటే ఎక్కువ దిగితే వదులైనట్టు. పక్క అంచులు అద్దంలా నున్నగా మెరుస్తుంటే మాత్రం ఎంత బిగించినా లాభం లేదు, కొత్తది వేయండి. మరీ బిగిస్తే డైనమో, వాటర్ పంపు బేరింగులు పోతాయి. బెల్టు తీసినప్పుడు పుల్లీలను (బెల్టు పట్టి తిరిగే చక్రాలను) చేత్తో తిప్పి చూడండి, గరగరలాడితే తప్పు బేరింగుది. బెల్టుకు గ్రీజు రాయమంటే అస్సలు వినకండి. ఇంజన్‌ను చల్లబరిచే వాటర్ పంపు తిరిగేదీ ఈ బెల్టుతోనే కాబట్టి మహేంద్రగిరి వైపు ఘాటీ ఎక్కేముందే ఈ పని చూసుకోండి.