బరంపురం సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కట్టిన జరిమానా వెనక్కొస్తుందా?

ఇచ్ఛాపురం నుంచి సరుకులకని ఒడిశాలోని బరంపురం వచ్చి సూపర్‌మార్కెట్ సెల్లార్‌లో కారు పెడితే, రెండు గంటలు దాటిందని చక్రానికి క్లాంప్ బిగించి ఐదొందలు ఫోన్‌పేలో కట్టించుకున్నారని రాశారు. అవి వెనక్కొస్తాయా, హైదరాబాద్‌లోలా అరగంట ఫ్రీ రూలు ఇక్కడ లేదా అని అడిగారు.

రెండోది ముందు చెప్పేస్తాను. ఆ అరగంట ఫ్రీ అన్నది 2018లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో. ఒడిశాలో చెల్లదు. గార్డు ముందు ఆ మాట ఎత్తితే నవ్వుతాడు. నేను ఎత్తాను, నవ్వాడు.

పోయినేడాది దసరా ముందు మా వదిన శ్రీకాకుళం నుంచి వచ్చింది. బరంపురం పట్టుచీరలు కొనాలి, పనిలో పనిగా ఇంట్లోకి పప్పూ నూనే తీసుకోవాలి. సరుకులు డిక్కీలో పడేసి, కారు సూపర్‌మార్కెట్ సెల్లార్‌లోనే వదిలేసి, చీరల కొట్టుకి నడిచి వెళ్లాం. తప్పు మాదే. మా వదినతో చీరల కొట్టుకెళ్లి రెండు గంటల్లో బయటపడినవాళ్లు ఇంతవరకూ లేరు. మూడున్నర గంటలు దాటాక వచ్చి చూస్తే ముందు చక్రానికి పసుపు రంగు క్లాంప్, పక్కన కుర్చీ వేసుకుని గార్డు. "జొరిమానా దెబాకు హెబొ" అన్నాడు. వెయ్యి రూపాయలట.

బోర్డు ఏదీ అంటే చూపించాడు. ర్యాంపు దిగేచోట, కూల్‌డ్రింక్ కేసుల వెనక, పై సగమే కనపడుతోంది. ఆ పై సగంలో ఉన్నదేమో వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు అన్న ముక్క. కారు పోతే వాళ్లకి సంబంధం లేదు, కారు ఉంటే మాత్రం వెయ్యి కట్టాలి!

సరే అని ఫోన్ తీస్తే, తన ఫోన్ వెనక అంటించుకున్న క్యూఆర్ కోడ్ చూపించాడు. స్కాన్ చేస్తే షాపు పేరు రాలేదు, ఎవరో మనిషి పేరొచ్చింది. అక్కడ ఆగాను. రసీదు కావాలి, షాపు పేరూ జీఎస్టీ నంబరూ ఉన్న అచ్చు రసీదు, దేనికి తీసుకుంటున్నారో అందులో ఉండాలి అన్నాను. అంతవరకూ ఒడియాలో గదమాయించిన మనిషి చక్కటి తెలుగులోకి దిగిపోయాడు. "అమ్మా, నేను జీతగాణ్ని. మేనేజర్‌తో మాట్లాడుకోండి." మేనేజర్ రాగానే వెయ్యి కాస్తా ఐదొందలకి దిగింది. సరుకుల బిల్లు చూపించి మళ్లీ రసీదే అడిగితే, ఎక్కువైన గంటన్నరకి పార్కింగ్ చార్జీ అరవై అయింది. దానికి కంప్యూటర్ రసీదు ఇచ్చారు. అరవై మాత్రం మాట్లాడకుండా కట్టాను, టైము దాటిన మాట నిజమే కదా.

జరిమానా వేసే అధికారం పోలీసులకీ, రవాణా శాఖకీ, అలా చట్టం ఇచ్చినవాళ్లకే ఉంటుంది. షాపువాళ్లకి మీతో ఉన్నది ఒప్పందం మాత్రమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినవాళ్ల దగ్గర సబబైన పరిహారమే రాబట్టుకోవచ్చు. ముందే రాసుకున్న అంకె దానికి పై హద్దు, అంతేగాని అదంతా వాళ్లకి రావాలని లేదు. అసలు ఆ బోర్డు మన కంట పడేలా ఉంటేనే కదా ఒప్పందం సంగతి!

షాపు ముందు రోడ్డు మీద బండి పెడితే వేరే కథ. అక్కడ ట్రాఫిక్ వాళ్ల చలాన్ అసలైనదే. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద అయితే మొదటిసారి 500, మళ్లీ చేస్తే 1500. పరివాహన్ ఈ-చలాన్ సైటులో బండి నంబరు కొట్టి చూసుకోండి. చలాన్ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు మాత్రం ముట్టుకోవద్దు, అది ఫోన్‌లోకి దొంగ యాప్ ఎక్కించే ఎత్తు.

ఇంగ్లండ్‌లో ఉన్న మా తమ్ముడు ఇదంతా విని, మా దగ్గర ఇలా కుదరదక్కా అన్నాడు. అక్కడ కెమెరా నంబరు పట్టుకుని ఇంటికే నోటీసు పంపిస్తారు. రెండు గంటల ఫ్రీ దాటినందుకు వేసిన 85 పౌండ్లు సబబేనని 2015లో అక్కడి సుప్రీంకోర్టే తేల్చింది. కాబట్టి ఆ దేశం వీడియోలు చూసి ఇక్కడ వాదించకండి.

ఇక మీ ఐదొందలు. ఫోన్‌పేలో ఎవరి పేరు మీద వెళ్లాయో ముందు చూడండి. షాపు పేరు కాకపోతే ఆ స్క్రీన్‌షాట్ మేనేజర్‌కి పంపండి, సగం పని అక్కడే అయిపోతుంది. పలక్కపోతే 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. దానికోసం మళ్లీ బరంపురం రానక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళంలోనే కేసు వెయ్యొచ్చు. మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. నేనైతే ఐదొందలకి 1915 దగ్గరే ఆగుతాను. మీ ఓపిక మీది.

ఇంకోసారి క్లాంప్ వేస్తే కోపంలో పగలగొట్టకండి, ఆ నష్టం మీ నెత్తిన పడుతుంది. ఫొటో తీసి, రసీదు అడిగి, కదలనివ్వకపోతే పోలీసులకి, 112కి ఫోన్ చెయ్యండి. సరుకుల బిల్లుకి కూడా ఆ రోజే ఫొటో తీసుకోండి. ఆ నున్నటి కాగితం మీద అచ్చు నిలవదు. నా అరవై రూపాయల రసీదు మొన్న తీసి చూస్తే తెల్లగా ఉంది.