వీడియో గేమ్‌లో కథ ఎక్కడ వెతకాలి?

మీ తమ్ముడు ఎం.ఏ.లో వీడియో గేమ్స్ మీద ప్రాజెక్ట్ చేస్తానంటే గైడ్ గారు "అందులో సాహిత్యం ఏముంది?" అన్నారని, అసలు అలాంటి చదువు ఉందా అని అడిగారు. ఉంది. నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. కొన్నేళ్లుగా గేమ్స్ కూడా పాఠంగా పెడుతున్నాను, అందుకే రాస్తున్నాను.

దీన్ని గేమ్ స్టడీస్ అంటారు. 1997లో జానెట్ ముర్రే, ఎస్పెన్ ఆర్సెత్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి సంబంధించి చెరొక పుస్తకం రాశారు. 2001లో ఆర్సెత్ సంపాదకుడిగా ఈ చదువు కోసమే ఒక ఆన్‌లైన్ పత్రిక మొదలైంది. గేమ్‌ను కథలా చదవాలా, ఆటలాగే చూడాలా అని అప్పట్లో పెద్ద వాదం నడిచింది. ముక్కల్ని పేర్చే టెట్రిస్ గేమ్‌లో పైనుంచి ఆగకుండా పడే ముక్కల్లో, ఊపిరాడని పనుల మధ్య నలిగే అమెరికన్ల బతుకు కనిపిస్తోందని ముర్రే అన్నారు. అక్కడ ఉన్నవి ముక్కలే, మీ కథను వాటికి అంటగడుతున్నారని మార్కు ఎస్కెలినెన్ అనే ఇంకో పరిశోధకుడు మండిపడ్డాడు. ఎవరు గెలిచారని అడిగితే నేను చెప్పలేను గానీ, ఆ గొడవ వల్ల ఒక మేలు జరిగింది: పాత్రలు, సంభాషణల కంటే ముందు ఆట నియమాలు చదవాలని అందరికీ తట్టింది.

మన పులి-మేక చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. వెనకాల ఇంకో మేక ఉంటే ఏమీ చేయలేదు. మేకకు చంపే శక్తి లేదు, అన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేయడమే దాని గెలుపు. ఇందులో ఒక్క మాట కథ లేదు. అయినా గుడి అరుగు మీద సుద్దతో గీసుకుని ఆడిన పిల్లలకు ఒంటరి మేక గతేమిటో వేరే చెప్పక్కర్లేదు.

క్లాసులో నేను వాడే గేమ్ 'పేపర్స్, ప్లీజ్'. 2013లో లూకాస్ పోప్ చేశాడు. మనం సరిహద్దు చెక్‌పోస్టులో పాస్‌పోర్టులు చూసే ఉద్యోగి. ఎంతమందిని సరిగ్గా చూస్తే అంత జీతం, దాంతోనే ఇంట్లో తిండి, వెచ్చదనం, మందులు. ఒకరోజు ఒకాయన వస్తాడు, కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. నా వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయచూడండి అంటాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి ఉండదు. పరకాల నుంచి వచ్చే ఒక అబ్బాయి స్టాంపు చేతిలో ఉన్నట్టే మౌస్ పట్టుకుని చాలాసేపు ఆగాడు. చివరికి వెనక్కి పంపేశాడు. ఎందుకని అడిగితే "ఇంట్లో పిల్లోడికి జ్వరం ఉంది సార్" అన్నాడు. ఆటలోని పిల్లాడి గురించే!

నవలలో అయితే ఆ ఉద్యోగిని మనం తిట్టుకుని పేజీ తిప్పేస్తాం. ఐనవోలు జాతరలో ఒగ్గు కథ వింటూ తెల్లవార్లూ మల్లన్నతో పాటు ఏడుస్తాం, నవ్వుతాం, కానీ ఆయన చేసేదానికి పూచీ మనది కాదు. ఇక్కడ ఆ స్టాంపు మనమే వేశాం. ఈ తేడా గురించి రాస్తే అది నిఖార్సైన సాహిత్య విమర్శే అని నా గట్టి నమ్మకం.

అందుకని మీ తమ్ముణ్ని ఒకే ఒక్క చిన్న గేమ్ తీసుకోమనండి. పదుల గంటలు పట్టే పెద్ద గేమ్స్ ఎం.ఏ. ప్రాజెక్టుకు లొంగవు. పక్కన నోట్‌బుక్కు పెట్టుకుని ఆట ఏం చేయనిస్తోంది, ఏం చేయనివ్వట్లేదు, దేనికి డబ్బులిస్తోంది, దేనికి జరిమానా వేస్తోందో రాసుకోవాలి. తర్వాత కావాలనే తప్పుగా ఆడి చూడాలి, అప్పుడే ఆట అసలు స్వభావం బయటపడుతుంది. కథాసారాంశం అరపేజీ దాటకూడదు. చాలామంది ప్రాజెక్టులు పాడయ్యేది అక్కడే.

గైడ్ గారికి వాదించి చెప్పడం కంటే, ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి ఆ భార్యాభర్తల ఘట్టం ఆయన చేతే ఆడించమనండి.