చెరువులు అమ్మి యూరప్ వెళ్ళాలా?

పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. నా వయసు యాభై నాలుగు. ముప్ఫై ఎకరాల వనామీ రొయ్యల చెరువులు, రాజోలు వైపు ఆరెకరాల కొబ్బరితోట, భీమవరంలో అద్దెకిచ్చిన భవనం ఉన్నాయి. మా అబ్బాయి కిందటేడాది జర్మనీలో ఇంజనీరుగా చేరాడు. గ్రీసులో రెండున్నర లక్షల యూరోలతో ఇల్లు కొంటే కుటుంబమంతటికీ యూరప్‌లో నివాస హక్కు వస్తుందని, ఆ హక్కుతో అబ్బాయి దగ్గర ఉండిపోవచ్చని ఒక సలహాదారు చెబుతున్నారు. చెరువులు అమ్మి ఆ సొమ్ముతో వెళ్ళాలని నా ఆలోచన. డెబ్భై ఎనిమిదేళ్ళ మా అమ్మగారు మాత్రం భూమి అమ్మవద్దని పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
(భీమవరం ప్రాంత పాఠకుడు)

జవాబు: అయ్యా, ఈ విషయంలో మీ అమ్మగారి పక్షానే మాట్లాడవలసి వస్తోంది, ఎందుకంటే చట్టం ఆవిడ వైపే ఉంది. మన విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం ప్రవాస భారతీయుడు మన దేశంలో ఇల్లు, స్థలం, దుకాణం కొనవచ్చు గాని వ్యవసాయ భూమిని, తోటను, ఫామ్‌హౌస్‌ను కొనడానికి వీలులేదు. వెళ్ళేనాటికి తన పేరున ఉన్న భూమిని మాత్రం ఉంచుకోవచ్చు, పెద్దల నుంచి వారసత్వంగా పొందవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇక్కడ నివసించే భారతీయుడికి అమ్ముకోవచ్చు. అంటే ఇవాళ అమ్మని చెరువును ఐదేళ్ళ తర్వాతైనా అమ్మగలరు. ఇవాళ అమ్మిన చెరువును ప్రవాసిగా ఉన్నంతకాలం తిరిగి కొనలేరు. రెవెన్యూ రికార్డుల్లో వ్యవసాయ భూమిగానే ఉన్న రొయ్యల చెరువుకూ ఇదే వర్తిస్తుంది.

సొమ్ము తరలించడానికైనా ముందే అమ్మవలసిన అగత్యం లేదు. ఇక్కడ నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లు మాత్రమే బయటికి పంపగలడు. ప్రవాసి అయ్యాక ఆస్తి అమ్మిన సొమ్ము ఎన్నార్వో ఖాతాలో (ప్రవాసి ఇక్కడి రాబడిని జమ చేసుకునే రూపాయల ఖాతా) పడితే, పన్ను చెల్లించి, ఛార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. పైగా నివాసిగా పంపేటప్పుడు పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం ముందస్తు పన్ను వసూలు చేస్తుంది. రెండు కోట్లు పంపితే ముప్ఫై ఎనిమిది లక్షలు అలా పక్కకు వెళతాయి. రిటర్నులో అవి సర్దుబాటవుతాయి లేదా వాపసు వస్తాయి, కాని అంతవరకు ఆ సొమ్ము మీ చేతిలో ఉండదు.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. భూమి అమ్మేటప్పుడు రిజిస్ట్రేషన్ విలువకూ చేతులు మారే అసలు ధరకూ ఎంత తేడా ఉంటుందో మీకు తెలియనిది కాదు. దస్తావేజులో కనిపించని ఆ నగదు యూరప్‌లో ఇల్లు కొనడానికి ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే అక్కడి బ్యాంకు, నోటరీ, వీసా అధికారి ముగ్గురూ ప్రతి యూరో ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపమంటారు. దానిని హవాలా దారిన పంపిస్తామని ఎవరైనా అంటే ఆ గుమ్మం తొక్కకండి. మీ ఆస్తితో పాటు మీ అబ్బాయి భవిష్యత్తు కూడా చిక్కుల్లో పడుతుంది. రొయ్యల ఆదాయం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. చేపలు, రొయ్యల పెంపకాన్ని ఆదాయపు పన్ను శాఖ సాధారణంగా వ్యాపారంగానే చూస్తుంది గాని, కొబ్బరి, వరి ఆదాయాల్లా పన్ను లేని వ్యవసాయ ఆదాయంగా చూడదు. కనీసం గత మూడు నాలుగేళ్ళ రిటర్నులు, కొనుగోలుదారులు బ్యాంకు ద్వారా చెల్లించిన వివరాలు సక్రమంగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

ఇక గ్రీసు. 2013లో ఈ పథకం మొదలైనప్పుడు రెండున్నర లక్షల యూరోలే షరతు. 2024 సెప్టెంబరు నుంచి ఏథెన్స్ ఉన్న అట్టికా ప్రాంతం, థెస్సలొనీకి, మైకనోస్, శాంటోరిని, ఇంకా 3,100 మందికి మించి జనాభా ఉన్న ద్వీపాలలో అది ఎనిమిది లక్షలయింది, మిగిలిన చోట్ల నాలుగు లక్షలు. రెండున్నర లక్షల దారి ఇప్పటికీ ఉన్నది గాని అది వాణిజ్య భవనాన్ని నివాసంగా మార్చిన ఇళ్ళకు, పునరుద్ధరించే రక్షిత కట్టడాలకు మాత్రమే. మీ సలహాదారు చూపిస్తున్న ఇల్లు ఆ కోవకు నిజంగా వస్తుందో లేదో అతనితో సంబంధంలేని గ్రీకు న్యాయవాది చేత పరిశీలింపజేయండి. ఆ ఇంటిని పర్యాటకులకు రోజువారీ అద్దెకివ్వడం కూడా నిషిద్ధం. ఉల్లంఘిస్తే యాభై వేల యూరోల జరిమానా. మేలైన సంగతులూ ఉన్నాయి: భార్యాభర్తలిద్దరి తల్లిదండ్రులకూ అనుమతి వస్తుంది, ఏడాదిలో ఇన్ని రోజులు అక్కడే ఉండాలన్న నిబంధన లేదు.

కాని మీరు కోరుకుంటున్నది గ్రీసు కాదు, అబ్బాయి దగ్గర ఉండడం. గ్రీసు అనుమతితో జర్మనీలో 180 రోజులలో 90 రోజులు మాత్రమే ఉండవచ్చు. ఇంచుమించు ఒక పర్యాటక వీసా ఇచ్చేదీ అంతే. కోట్ల రూపాయలు పెట్టి మీరు కొనబోయే హక్కు, మీకు కావలసిన పని చేయదు. జర్మనీ చట్టంలో మరో దారి ఉంది. నిపుణ ఉద్యోగిగా 2024 మార్చి 1న గాని ఆ తర్వాత గాని మొదటి నివాస అనుమతి పొందినవారు, పోషణకు తగిన ఆదాయం, తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా చూపగలిగితే, వారిని రప్పించుకోవచ్చు. యాభై దాటిన మీకు బీమా ప్రీమియం తేలిక కాదు, అయినా గ్రీసు ఇంటితో పోలిస్తే చాలా చిన్న ఖర్చు. మీ అబ్బాయి అనుమతి ఏ తేదీన, ఏ తరగతిలో వచ్చిందో ఇవాళే కనుక్కోండి. ఈ దారి తల్లిదండ్రులకే గనుక మీ అమ్మగారి సంగతి విడిగా ఆలోచించుకోవాలి. ఆవిడ ఇక్కడే ఉంటానంటే మీరు రాకపోకలుగా ఉండడమే ఉత్తమమని నా అభిప్రాయం.

పెట్టుబడి పథకాలనే నమ్ముకోవద్దని చెప్పడానికి ఇంకొక కారణం, అవి నిలకడగా ఉండకపోవడం. సైప్రస్ పౌరసత్వ పథకం 2020లో, ఐర్లాండ్ పథకం 2023లో మూతపడ్డాయి. పోర్చుగల్ 2023లో ఇళ్ళ కొనుగోలు దారిని మూసింది. స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో మొత్తం పథకాన్నే ఎత్తివేసింది, అదే నెలలో మాల్టా పౌరసత్వ విక్రయం చట్టవిరుద్ధమని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

చెరువులు లీజుకిచ్చి వెళితే లీజు పత్రం రిజిస్టరు చేయించండి. ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవలసివస్తే, అమ్మే అధికారం లేకుండా, అద్దె వసూలు, శిస్తు, కోర్టు పనులు ఇవే అని రాసి ఇవ్వండి. దగ్గరివాడని జనరల్ పవర్ రాసిచ్చి, తిరిగొచ్చేసరికి పాస్‌బుక్కు మీద ఇంకొకరి పేరు చూసుకున్న కుటుంబాలు మన లంకల్లో ఉన్నాయి.

ప్రశ్న: మేము విశ్రాంత వైద్య దంపతులం. పోర్చుగల్‌లో స్థిరపడదామనుకుంటున్నాం. మా కొబ్బరితోట దింపుల మీద వచ్చే ఆదాయానికి ఇక్కడ పన్ను లేదు కదా, అక్కడా ఉండదా?
(అమలాపురం పాఠకురాలు)

జవాబు: ఉంటుందనుకునే లెక్క వేసుకోండమ్మా. ఏడాదిలో 183 రోజులకు మించి అక్కడ ఉన్నా, అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నా పోర్చుగల్ మిమ్మల్ని పన్ను నివాసిగా పరిగణించి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా చూపమంటుంది. రెండు దేశాల ఒప్పందం వల్ల ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ తగ్గింపు వస్తుంది, కాని కొబ్బరి మీద ఇక్కడ కట్టేదే లేదు గనుక తగ్గించడానికీ ఏమీ ఉండదు. కొత్తగా వచ్చి స్థిరపడేవారికి పదేళ్ళపాటు తక్కువ పన్ను వేసిన పాత పథకం 2024 నుంచి కొత్తవారికి లేదు. అద్దెలు, పింఛను వంటి స్థిరాదాయం ఉన్నవారికిచ్చే వీసాకు ఆదాయ షరతు ఒకరికి అక్కడి కనీస వేతనం, జీవిత భాగస్వామికి అందులో సగం అదనం. ఆ వేతనం 2025లో నెలకు 870 యూరోలు. అది మీకు కష్టం కాదు. కష్టమల్లా, అనుమతి కాలంలో వరుసగా ఆరు నెలలు గాని, విడివిడిగా ఎనిమిది నెలలు గాని మించి బయట ఉండరాదన్న నిబంధనే. సంక్రాంతికి వచ్చి వేసవి దాకా అమలాపురంలో ఉండిపోయే అలవాటు ఉంటే ఆలోచించుకోండి.

వీలునామా మాట కూడా మరచిపోవద్దు. 2015 ఆగస్టు 17 నుంచి అమలులో ఉన్న యూరోపియన్ నిబంధన ప్రకారం, డెన్మార్క్, ఐర్లాండ్ తప్ప మిగిలిన సభ్యదేశాలలో, మరణించినవారు చివరికి ఏ దేశంలో నివసించారో ఆ దేశపు వారసత్వ చట్టమే వర్తిస్తుంది. తన జాతీయత చట్టమే వర్తించాలని వీలునామాలో రాసుకునే అవకాశం ఉంది. బయలుదేరే ముందే ఆ వాక్యం రాయించుకోండి.

ప్రశ్న: నేను 1968లో ఇంట్లో పుట్టాను, జనన ధ్రువపత్రం లేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. యూరప్ నివాస అనుమతికి ఇవి అడ్డమా?
(పాలకొల్లు పాఠకుడు)

జవాబు: అడ్డమే గాని తొలగించుకోదగినవి. ముందు పంచాయతీ లేదా మున్సిపాలిటీలో మీ జననం నమోదు కాలేదన్న పత్రం తీసుకుని, దాని ఆధారంగా రెవెన్యూ అధికారి ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు చేయించండి. మీ వివాహం గుడిలోనే జరిగి రిజిస్టరు కాకపోయి ఉంటే అదీ ఇప్పుడే చేయించండి, ఎందుకంటే పెళ్ళి ఫొటోలు అక్కడ చెల్లవు. పేరులోని తేడాకు, రెండు పేర్లూ ఒక్క వ్యక్తివేనని ప్రమాణపత్రం సిద్ధం చేసుకోండి. చాలా దేశాలకు ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్రకు (పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ) వెళ్ళాలి. పోలీసు ధ్రువపత్రం కొద్ది నెలలకే చెల్లుతుంది గనుక దానిని మాత్రం అన్నిటికన్నా చివర తీసుకోండి.