సంఘ పెద్ద కావాలంటే బైబిల్ కాలేజీ చదువు తప్పనిసరా?

తప్పనిసరి కాదు, స్థానిక క్రైస్తవ సంఘంలో పెద్దగా ఉండడానికి డిగ్రీ కన్నా నలుగురూ చూసిన నడవడి ముఖ్యం. బైబిల్ కొత్త నిబంధనలోని 1 తిమోతి 3, తీతు 1 అధ్యాయాల్లోని అర్హతలు దాదాపు అన్నీ నడవడి గురించినవే: ధనాపేక్ష లేకపోవడం, ఇంటివారిని చక్కగా నడుపుకోవడం, అతిథుల్ని ఆదరించడం. నైపుణ్యమంటూ అడిగింది బోధించగలగడం. కొత్తగా చేరినవాణ్ణి పెద్దను చేయవద్దనీ అక్కడే ఉంది, గర్వం తలకెక్కుతుందని. పాస్టరుగా అభిషేకం వేరే సంగతి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ వంటి సంఘాలు దానికి వేదాంత శిక్షణ అడుగుతాయి.

పుత్తూరు చుట్టుపక్కల ఒకే పాస్టరు నాలుగు పల్లెలు చూస్తున్నాడనుకుందాం. పెద్దలుగా తయారుచేయడానికి పల్లెకు ఇద్దరిని ఎంచుకుని ఇంటింటి ప్రార్థనలకు వెంట తీసుకెళ్లాలి. మొదటి నెల వాళ్లు చూస్తారు. రెండో నెల వాక్యం చదివి ప్రార్థన చేస్తారు. మూడో నెల పది నిమిషాలు బోధిస్తారు, పాస్టరు వెనక కూర్చుని వింటాడు. తప్పులు విడిగా చెబుతాడు, అందరి ముందు కాదు. కానుకలు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, అదే రోజు పుస్తకంలో రాసి సంతకాలు చేయాలి. చాలా గొడవలు మొదలయ్యేది ఈ లెక్కల దగ్గరే. ఏడాది ఇలా గడిచాకే పదవి మాట.

బాగా పాడేవాడో, పెద్ద కానుక ఇచ్చేవాడో సహజంగా నాయకుడవుతాడనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అలా ముందే పదవి ఇచ్చేస్తే, తర్వాత తప్పించాల్సి వచ్చినప్పుడు బంధువులంతా ఒక పక్కకు చేరి సంఘం రెండుగా చీలుతుంది.